వెనక్కి నడిచిన గంటక్క

బస్సు పది మైళ్ళు దాటేలోపు గంటక్క నాలుగు సీట్లు మారింది. మొదట కిటికీ పక్కన కూర్చుని, ఎండ పడుతోందని లేచింది. అప్పటికింకా సరిగ్గా తెల్లవారనే లేదు. తరవాత మధ్యలో కూర్చుని గాలాడటం లేదంది. వెనక సీట్లో కుదుపులెక్కువంది. చివరికి డ్రైవరు వెనకాల, జనంకేసి తిరిగి ఉండే పొడుగు సీటు ఖాళీ అయితే అందులో కూలబడింది. అక్కణ్ణించి చూస్తే బస్సులో ఉన్న అరవై రెండు మొహాలూ కనిపిస్తాయి. మొహాలు కనబడితే చాలు, ఆవిడకి మాటలు వినబడక్కర్లేదు. అసలు వినబడవు కూడా.

ఈ సంగతి ఆవిడకి తప్ప భూమ్మీద మరో మనిషికి తెలియదు. ఎడమ చెవిలో ఎవరో దూరాన గుసగుసలాడుతున్నట్టు కాస్త ఉంటుంది, కుడి చెవి మాత్రం గోడే. ఆరేళ్ళుగా ఇదే తీరు. ఇరవై నాలుగేళ్ళు మరమగ్గాల షెడ్డులో నిలబడ్డ మనిషికి చెవులు మిగలాలనుకోవడమే అత్యాశ. చెవులు పోయినకొద్దీ గొంతు పెరిగింది కాబట్టి అందరూ ఆవిడని గంట అన్నారు, చిన్నవాళ్ళు గంటక్క అన్నారు. పేరు పెట్టినవాళ్ళలో ఒక్కడైనా ఆ గొంతు ఎందుకు పెరిగిందో ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆరేళ్ళు దాచడం ఎలా కుదిరిందని అనుమానం రావచ్చు. నేత షెడ్డులో దాచినంత సులువుగా ఇంకెక్కడా దాచలేరు. రెండు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడ మాటలన్నీ చేతులతోనూ పెదాలతోనూ నడుస్తాయి. పడుగులో పోగు తెగితే రెండు వేళ్ళు కలిపి, విడదీసి చూపిస్తారు. మేస్త్రీ వస్తున్నాడంటే మీసం దువ్వుకున్నట్టు చేస్తారు. ఇప్పటి మేస్త్రీకి మీసం లేదు, అది పాతికేళ్ళ కిందటి మేస్త్రీ మీసం. మగ్గం ఆపెయ్యమనడానికి పిడికిలి పైకెత్తుతారు. ఎవరి చెయ్యో మగ్గంలో ఇరుక్కున్నప్పుడు వాడే సైగ అది, అందుకని పిడికిలి లేస్తే షెడ్డులో ఎవరి కాళ్ళయినా అక్కడికక్కడ ఆగిపోతాయి. అలాంటి చోట చెవులున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒక్కటే. షిఫ్టు అయి బయటికొచ్చాకే ఆవిడకి కష్టాలు.

ఏడాదికోసారి మిల్లు నర్సు చెవులు పరీక్ష చేస్తుంది. చెవులకి డిప్పలు తగిలించి, మీట నొక్కి, చప్పుడు వినబడితే వేలెత్తమంటుంది. గంటక్క నర్సు మోచెయ్యి చూసి వేలెత్తేది. మీట నొక్కినప్పుడల్లా మోచెయ్యి ఇంత కదులుతుంది. మూడేళ్ళ కిందట కండెల విభాగంలో ఒకావిడ ఈ పరీక్ష తప్పితే మర్నాడే "పనికి అనర్హురాలు" అని చీటీ ఇచ్చి గేటు బయటికి పంపారు. గంటక్క మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్లపాలు. కూతురి నర్సింగు చదువు ఇంకా రెండేళ్ళుంది. ఆ చీటీ తలుచుకుంటేనే ఆవిడకి అన్నం సహించదు.

అలాంటి మనిషి పక్కన, ఆ రోజు బస్సులో, యూనియన్ కార్యదర్శి వచ్చి కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, కళ్ళద్దాలు, చంకలో అట్ట. అట్టకి ఒక కాగితం. కాగితం మీద ముప్ఫై గీతలు. గీతల మీద ఒక్క పేరైనా లేదు.

"నువ్వొక్కదానివి పెట్టక్కా సంతకం. నిన్ను చూసి మిగతావాళ్ళు పెడతారు."

ఆవిడ ఆయన పెదాల మీంచి చూపు తిప్పకుండా విన్నది. మిల్లుల్లో భద్రతా తనిఖీలు ఎత్తేసే బిల్లు వస్తోంది. దానిమీదే రాజధానిలో ఇవాళ ఊరేగింపు, అన్ని మిల్లుల వాళ్ళూ వస్తున్నారు. మగ్గాల చప్పుడుకి చెవులు పోతున్నాయని యూనియన్ అంటే, పోయినవాళ్ళ పేర్లు చూపించండని మంత్రి అడిగాడట. చట్టసభ మెట్ల దగ్గర ఈ సాయంత్రం కాగితం ఇవ్వాలి. ఖాళీ కాగితం ఇస్తే, చూశారా, ఒక్కళ్ళకీ ఏమీ కాలేదు అని అదే ఊరంతా చాటిస్తాడు.

"నాకేం రోగం? నావి పాము చెవులు," అంది గంటక్క. బస్సంతా ఇటు తిరిగింది.

"మెల్లగా అక్కా."

"మెల్లగానే అంటున్నా కదా!"

కార్యదర్శి నిట్టూర్చి లేచి, బస్సు మైకు అందుకున్నాడు. మైకు ఆయన మూతిని పూర్తిగా కప్పేసింది. ఏదో చాలాసేపు చెప్పాడు. చివర్లో రెండు వేళ్ళు చూపించాడు. బస్సులో అందరూ బుద్ధిగా తలలూపారు. గంటక్క కూడా వాళ్ళకంటే బుద్ధిగా ఊపింది. ఆరేళ్ళలో ఆవిడ ఊపిన తలూపులు పేర్చుకుంటూ పోతే రాజధాని దాకా వెళ్ళొచ్చు.

మూడో వరసలో తోడికోడలు కూర్చుంది. ఇద్దరివీ ఒకే ఇంట్లో పై వాటా, కింద వాటా. ఒకే షెడ్డు, ఎదురెదురు మగ్గాలు. నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఒక రోజు తోడికోడలు పిల్లాడికి జ్వరమని వచ్చి అరగంట తలుపు బాదిందట, గంటక్క తియ్యలేదట. పడుకున్న మనిషికి తలుపు చప్పుడు తెలియలేదు. అది చెబితే చెవుల సంగతి బయటపడుతుంది. అందుకని నోరు మూసుకుంది. తరవాత మనసు ఆగక, కిందనించి రెండు మూడుసార్లు "ఏమే చిన్నదానా" అని పిలిచింది. పైన ఉన్నది మెడైనా తిప్పలేదు. ఎంత పొగరు, అనుకుంది గంటక్క. ఎంత పొగరు, అని తోడికోడలు ఊరంతా చెప్పింది. షెడ్డులో పని కోసం చేతులతో మాట్లాడుకునేవాళ్ళు, ఇంట్లో మాత్రం ఒకరికొకరు గోడలు. ఇప్పుడు కూడా తోడికోడలు కిటికీలోంచి బయటికే చూస్తోంది. గంటక్క అటు చూడకూడదనుకుంటూ పదిసార్లు చూసింది.

రాజధానిలో బస్సు దిగేసరికి గంటక్క కాలు గాలిన పిల్లిలా అయిపోయింది. ఇంత జనాన్ని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెడల్పాటి రోడ్డు ఈ చివర నించి ఆ చివర దాకా తలలే. అటు జెండాలు, ఇటు డప్పులు, మేడల మీంచి చూసేవాళ్ళు, అడ్డంగా కంచెలు, కంచెల వెనక హెల్మెట్లు పెట్టుకున్న పోలీసులు. ఏ మొహం మీద చూపు నిలపాలో తెలియలేదు. ఎవరో వెనకనించి భుజం తట్టి ఏదో అడిగారు, వాళ్ళ పెదాలు చూసేలోపు వెళ్ళిపోయారు. ఎవరో నీళ్ళ సీసా అందిస్తూ ఏదో అంటే ఆవిడ అవునంది. వాళ్ళు సీసా వెనక్కి తీసుకున్నారు. ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది.

నినాదాలివ్వడానికి మిల్లు తరఫున గంటక్కని పెట్టారు. ఇంకెవరిని పెడతారు, అంత గొంతు ఉంటే. అక్కడ మాత్రం షెడ్డు పద్ధతే పాటించారు. ఆడవాళ్ళు ఎనిమిదేసి మంది చొప్పున వరసలు కట్టారు. పాతవాళ్ళు ముందు, కొత్తగా చేరిన పిల్లలు వెనక. గంటక్క వాళ్ళకి ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ, నోటితోనూ చేత్తోనూ నినాదం ఇస్తుంది. వాళ్ళు ఆవిడ పెదాలు చూసి అందుకుంటారు. మగ్గాల సందుల్లో బొబ్బిన్లు మోసుకుంటూ వెనక్కి నడిచిన మనిషికి రోడ్డు ఒక లెక్కా?

"తనిఖీలు!"

"కావాలి!"

"ఈ బిల్లు!"

"వద్దు!"

మొదటి అరమైలు నవ్వులపాలయ్యారు. పక్క మిల్లుల వాళ్ళు ఉత్సాహం పట్టలేక మాటిమాటికీ పిడికిళ్ళు ఎత్తుతున్నారు. ఎత్తినప్పుడల్లా నేత షెడ్డు వరసలన్నీ టక్కున నిలబడిపోయేవి. వెనకవాళ్ళు వచ్చి గుద్దుకునేవాళ్ళు. మూడోసారి గుద్దుకున్నాక వెనక ఉన్న రంగుల మిల్లు మేస్త్రీ, "ఏంటమ్మా, మీకు బ్రేకులేగానీ ఇంజను లేదా?" అన్నాడు. పిడికిళ్ళు పట్టించుకోవద్దని గంటక్క సైగ చేసింది. పట్టించుకోకుండా ఉండటం ఎంత కష్టమో వాళ్ళ కాళ్ళకే తెలుసు.

తరవాత కుదిరింది. నిజం చెప్పాలంటే కుదరడం కాదు, ఆవిడకి స్వర్గంలా ఉంది. లక్ష మంది అరుస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి, ఎవరికీ ఎవరి మాటా వినపడటం లేదు. చెవులున్నవాళ్ళు కూడా ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు నోళ్ళు పెట్టి అరిచి, ఆఖరికి చేతులూపుతున్నారు. ఊరు ఊరంతా ఆవిడ లోకంలోకి వచ్చిపడింది. గంటక్క గొంతు ఎత్తింది. ఛాతీలో అదురు తెలుస్తోంది, అదే ఆవిడ వినికిడి. ముందు వరసలో తోడికోడలు కూడా ఆవిడ పెదాల మీదే కళ్ళు పెట్టి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తోంది. ఇంత బాగా అందుకుంటుంది కదా, ఇంటి దగ్గర పిలిస్తే పలకడానికేం, అని గంటక్కకి మళ్ళీ మండింది.

"ఈ బిల్లు!"

"వద్దు!"

"ఈ బిల్లు!"

"వద్దు!"

వెనక వరసల్లో కొత్త పిల్లలు ఎందుకో చేతులూపుతున్నారు. ఒకతె ముందావిడ జాకెట్టు పట్టుకుని లాగుతోంది. ఉత్సాహమనుకుంది గంటక్క. ఇంకాస్త గట్టిగా అరిచింది. అలా అరుస్తూ వెనక్కి నాలుగడుగులు వేసి, ఎవరో మనిషికి వీపుతో గుద్దుకుంది.

తిరిగి చూసింది.

ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఒంటిమీద నీలం మిల్లు చొక్కా, ఆయనకి రెండింతలుంది, జేబు మీద ఎవరిదో నంబరు. గుండెలకి ఆనించుకుని ఒక పాతికేళ్ళ కుర్రాడి ఫొటో. ఆయన వెనక ఊరేగింపు మొత్తం ఆగిపోయి ఉంది. జెండాలు దించేసి ఉన్నాయి. డప్పులవాళ్ళు చేతులు కట్టుకున్నారు. కనుచూపు మేర ఒక్క నోరు కదలడం లేదు. ఆ నోళ్ళన్నిటి మీదా ఉన్న కళ్ళన్నీ గంటక్క మీదే ఉన్నాయి.

రెండు వేళ్ళు. బస్సులో కార్యదర్శి చూపించిన రెండు వేళ్ళు. రెండు నిమిషాలు. పోయిన నెల రంగుల మిల్లులో బాయిలరు పేలి చచ్చిపోయిన ఐదుగురి కోసం మౌనం.

వెనక ఇంకా "వద్దు! వద్దు!" అని అరుస్తున్నట్టు వీపుకి తెలుస్తోంది. ఆవిడ గిరుక్కున తిరిగి పిడికిలి పైకెత్తింది. మీట నొక్కినట్టు ఆగారు. అప్పుడు చూసింది ఆవిడ, అంతకుముందు చూస్తూనే చూడనిది. వెనక రెండు మూడు వరసల్లో కొత్త పిల్లలు ఎప్పుడో నోళ్ళు మూసుకుని, తలలు దించుకుని నిలబడి ఉన్నారు. ముందు వరసల పాతవాళ్ళే, షెడ్డులో చేరి పది పన్నెండేళ్ళు దాటినవాళ్ళే, నోళ్ళు తెరిచి ఉన్నారు. కళ్ళు సగం మూసుకుని అరుస్తున్న తోడికోడలికి పిడికిలి కూడా కనబడలేదు. అంత నిశ్శబ్దంలో, ఒక్కతే, ఇంకోసారి "వద్దు!" అంది. పక్కావిడ మోచేత్తో పొడిస్తే గానీ ఆగలేదు.

ముసలాయన పెదాలు కదిలాయి. పళ్ళు లేని నోరు, అయినా ప్రతి అక్షరం తెలిసింది.

"నా కొడుక్కి రెండు నిమిషాలు ఇవ్వలేకపోయారా తల్లీ?"

పక్కన చేతికి పట్టీ కట్టుకున్న వాలంటీరు మొహం జేవురించింది. అతని పెదాలు "సిగ్గులేదూ" అన్నాయి.

గంటక్క దగ్గర అబద్ధాలకి కరువు లేదు. చూసుకోలేదు బాబాయ్, ధ్యాసలో లేము, తప్పయిపోయింది. ఒక్క ముక్క చాలు, బయటపడిపోవచ్చు. ఆ ముక్క నాలిక చివరికొచ్చింది కూడా. కానీ ముసలాయన కోపంగా లేడు, అదే వచ్చిన చిక్కు. కోపంగా ఉంటే ఎదురు కోపం తెచ్చుకోవచ్చు. ఆయన ఫొటోని తిప్పి, వీళ్ళకి కనబడకుండా గుండెలకేసి పెట్టుకున్నాడు. ధ్యాసలో లేము అంటే, నీ కొడుకు చావు మా ధ్యాసలో లేదనేగా అర్థం? గంటక్కకి చీటీ గుర్తొచ్చింది. కూతురి చదువు గుర్తొచ్చింది. ఫొటో వెనక అట్ట కనిపిస్తోంది.

"నాకు వినపడదు బాబాయ్," అంది.

మెల్లగానే అన్నాననుకుంది. ఆ మాట వీధి మలుపు దాకా వెళ్ళిందని తరవాత చెప్పారు.

"మైకులో చెప్పింది వినపడలేదు. బస్సులో చెప్పిందీ వినపడలేదు. నా చెవులు మగ్గాలు తినేశాయి. ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు."

ముసలాయన ఆవిడ మొహంకేసి చూశాడు. తరవాత ఆవిడ భుజం మీంచి వరసల్లోకి చూశాడు.

"మరి వీళ్ళు?"

దానికి గంటక్క ఏం చెబుతుంది? తన చెవులు తన సొత్తు. వాళ్ళవి వాళ్ళవి. ఊరికే వెనక్కి తిరిగి వాళ్ళని చూసింది. వాళ్ళు అప్పటికే ముసలాయన పెదాలు చదివేశారు. ఒకావిడ నేలకేసి చూసింది, ఒకావిడ పక్క మేడ కేసి. ఆ క్షణంలో గంటక్కకి తను ఎంత ఒంటరిదో తెలిసింది.

తోడికోడలు చెయ్యెత్తింది. చూపుడువేలు చెవికి తాకించింది. తరవాత రెండు వేళ్ళు కలిపి, విడదీసింది. పోగు తెగింది.

గంటక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు, రెండూ కలిసే వచ్చాయి. నాలుగేళ్ళు! కిందనించి పిలిచినప్పుడు మెడ తిప్పనిది పొగరు కాదు. ఒక ఇంట్లో ఇద్దరు, ఒకే జబ్బు, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుని, ఒకరిని ఒకరు తిట్టుకుంటూ పిల్లల్ని కూడా విడదీసి బతికారు. దాని పెళ్ళినాటి నించీ దాన్ని సొంత చెల్లెల్ని పెంచినట్టే పెంచింది తను. తన మీద తనకి పట్టరానంత కోపం వచ్చింది.

రెండో వరసలో ఇంకో చెయ్యి లేచింది. చెవి, పోగు తెగింది. మూడో వరసలో రెండు. తరవాత ఎవరు ముందో ఎవరు వెనకో చూడలేకపోయింది. దూరంగా నిలబడ్డవాళ్ళకి ఇదేమిటో తెలియక, కొత్త రకం నిరసన సైగేమో అనుకుని, రంగుల మిల్లు వాళ్ళు కూడా పది మంది చెవులు ముట్టుకుని వేళ్ళు ఊపారు. వాళ్ళ మేస్త్రీ కూడా ఊపాడు. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి, పాపం.

ముసలాయన ఫొటోని మళ్ళీ ఇటు తిప్పాడు. గంటక్క మణికట్టు పట్టుకుని, పెదాలు బాగా కదిలిస్తూ అన్నాడు. "ఇంకా అర నిమిషం ఉందమ్మా. అయ్యాక చెయ్యి వదులుతాను."

అందరూ తలలు దించుకున్నారు. ఆయన చెయ్యి వదిలేదాకా గంటక్క కదల్లేదు. ఆ రోజు పొద్దుట్నించీ ఆవిడ కుదురుగా నిలబడ్డది ఆ అర నిమిషమే.

జెండాలు లేచాక కార్యదర్శి జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. తిట్టడానికే వచ్చి ఉంటాడు. ఆయన నోరు తెరిచేలోపు గంటక్క ఆయన చంకలోంచి అట్ట లాక్కుంది. రాయడానికి బల్లేదని అటూ ఇటూ చూస్తుంటే తోడికోడలు వచ్చి ముందుకు వంగి వీపిచ్చింది. గంటక్క మొదటి గీత మీద పేరు రాసింది. రాసేది వీపు మీద కాబట్టి అక్షరాలు కొండలూ లోయలూ అయ్యాయి. తరవాత తను వంగింది, తోడికోడలు రాసింది. కలం ఎంత గట్టిగా నొక్కిందో వీపుకి తెలిసింది. పాత కోపం కాస్త అందులో తీర్చుకున్నట్టే ఉంది. నడుస్తూనే ఒకరి వీపు మీద ఒకరు రాసుకుంటూ పోయారు. ముప్ఫై గీతలూ అయిపోయాయి. మిగిలిన ఎనిమిది మంది కాగితం తిప్పి వెనక రాశారు.

కార్యదర్శి కాగితం అందుకుని, రెండు వైపులా చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ పక్కకి తిరిగి ఏదో అన్నాడు. గంటక్క తల అలవాటు కొద్దీ ఊగబోయింది. ఆపుకుంది. ఆయన భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇటు తిరిగి చెప్పు తమ్ముడూ. నాకు వినపడదు."

"సోమవారం గేటు దగ్గర మీ అందర్నీ ఆపేస్తారేమో అన్నానక్కా. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది," అంది గంటక్క.

ఆ మాట అందరూ చదివారు. తమకి భయం లేదని ఎవరూ అనలేదు. కాగితం మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు.